చిన్న టార్చ్‌లైటును మెరుగుపరచడం: ఎల్‌ఈడీ మార్చే ముందు చేయాల్సిన పనులు, వాటి వరస

"టార్చి వెలుగు చాలడం లేదు, ఇంకా పెద్ద ఎల్‌ఈడీ ఏది వేయాలి?" అన్నది ఎక్కువమంది అడిగే ప్రశ్న. చవకరకం టార్చిల్లో లోపం చాలాసార్లు ఎల్‌ఈడీలో ఉండదు. సెల్లు నుంచి ఎల్‌ఈడీకి కరెంటు వెళ్లే దారిలోనో, ఎల్‌ఈడీ నుంచి బయటి గొట్టానికి వేడి చేరే దారిలోనో ఉంటుంది. ఈ రెండూ సరిచేయకుండా పెద్ద ఎల్‌ఈడీ వేయడం, కాలువ పూడిక తీయకుండా పెద్ద మోటారు బిగించడం లాంటిదే. అందుకే ఇందులో ఎల్‌ఈడీ మార్పు ఏడో అంకెలో ఉంది. అక్కడిదాకా వచ్చేసరికి కొందరికి దాని అవసరమే ఉండదు.

## 1. ఏ టార్చికి పనికొస్తుంది

ఒక్క 18650 లిథియం సెల్లుతో (18 మి.మీ. వ్యాసం, 65 మి.మీ. పొడవు ఉండేది) నడిచే, అల్యూమినియం గొట్టం ఉన్న, తోకలో నొక్కుడు స్విచ్చి ఉన్న టార్చిని దృష్టిలో పెట్టుకుని రాసింది ఇది. మూడు చిన్న సెల్లుల చట్రం పెట్టుకునే జూమ్ టార్చికి కూడా చాలావరకు వర్తిస్తుంది. కాకపోతే ఆ జారుడు తలను నీరు చొరకుండా చేయడం కష్టం.

గోడ ప్లగ్గులో నేరుగా గుచ్చి చార్జి చేసే ప్లాస్టిక్ టార్చిల జోలికి మాత్రం ఈ పద్ధతితో పోవద్దు. వాటిలో చాలావాటికి ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు. కెపాసిటర్ ద్వారా 230 వోల్టుల లైను నేరుగా లోపలి బోర్డుకు వస్తుంది. ప్లగ్గులో ఉండగా విప్పితే లోపల ఏ భాగం ముట్టుకున్నా షాకే.

## 2. ముందుగా సమకూర్చుకోవాల్సినవి

- 10 ఆంపియర్ల రేంజి ఉన్న మల్టీమీటరు
- 40 నుంచి 60 వాట్ల సోల్డరింగ్ ఐరన్, 63/37 లెడ్డు (అతికించే సోల్డరు తీగ), ఫ్లక్సు (లెడ్డు బాగా పట్టడానికి రాసేది)
- 22 గేజ్ సిలికాన్ వైరు, అర మీటరు
- ఐసోప్రొపైల్ ఆల్కహాల్, చెవుల్లో పెట్టుకునే దూదిపుల్లలు
- 400, 1000 నంబరు ఎమెరీ కాగితం, చదునైన గాజుపలక
- ఎలక్ట్రానిక్స్ షాపుల్లో దొరికే మామూలు తెల్ల థర్మల్ పేస్టు
- సిలికాన్ గ్రీజు
- కాప్టన్ టేపు (వేడిని తట్టుకునేది), నల్ల ఇన్సులేషన్ టేపు
- ఫోనులో ఒక లక్స్ మీటరు యాప్
- సూదిమొన పట్టకారు (రెండు రంధ్రాల రింగు విప్పడానికి)

ఫోను యాప్ చూపే అంకె కచ్చితం కాదు. ఫరవాలేదు. పనికి ముందు, తర్వాత అదే ఫోనుతో, అదే దూరంలో కొలిస్తే తేడా నమ్మదగ్గదే.

## 3. విప్పకముందు కొలతలు

ఈ అంకం దాటవేస్తే తర్వాత ఏ పని వల్ల ఎంత లాభం వచ్చిందో తెలియదు. కాగితం మీద నాలుగు అంకెలు రాసుకోండి.

సెల్లు వోల్టేజీ. నిండా చార్జి అయితే 4.2 వోల్టులకు దగ్గరగా ఉండాలి.

తీసుకునే కరెంటు. తోక మూత విప్పి, మీటరును 10 ఆంపియర్ల రేంజిలో పెట్టి, ఒక మొన సెల్లు అడుగుకు, రెండోది గొట్టం అంచుకు ఆనించండి. అంచు మీద రంగు పూత ఉంటే కరెంటు పారదు, ఉత్త లోహం తగలాలి. పది సెకన్లలో ముగించండి. మీటరు సన్నటి వైర్లే కొంత అడ్డుపడతాయి కాబట్టి అసలు కరెంటు మీరు చూసినదానికన్నా కొంచెం ఎక్కువే ఉండొచ్చు.

వెలుగు. చీకటి గదిలో 5 మీటర్ల దూరాన ఫోను పెట్టి, కాంతి నడిబొడ్డు దాని మీద పడేలా చేయండి. వెలిగించిన వెంటనే ఒక లక్స్ అంకె, 30 సెకన్ల తర్వాత మరొకటి రాసుకోండి. లక్స్‌ను 25తో గుణిస్తే క్యాండెలాలు. దాని వర్గమూలాన్ని రెండింతలు చేస్తే కాంతి చేరే దూరం మీటర్లలో వస్తుంది. 200 లక్స్ వస్తే 5,000 క్యాండెలాలు, అంటే సుమారు 141 మీటర్లు. డబ్బా మీద అచ్చువేసే దూరం ఈ లెక్కదే. అంత దూరంలో పడేది 0.25 లక్స్, పున్నమి వెన్నెలంత. గట్టున పాకేది ఏమిటో గుర్తుపట్టాలంటే అందులో సగం దూరమే లెక్కలోకి తీసుకోండి.

తోక పరీక్ష. తోక మూత తీసి, సెల్లు అడుగునూ గొట్టం అంచునూ పొట్టి, లావుపాటి రాగి తీగతో ఒక్క క్షణం కలపండి. మూత బిగించినప్పటికన్నా వెలుగు ఎక్కువగా వస్తే అడ్డంకి తోకలోనే ఉంది.

మీ డ్రైవరు (సెల్లుకూ ఎల్‌ఈడీకీ మధ్య కరెంటును నడిపే చిన్న బోర్డు) ఏ రకమో కూడా ఇప్పుడే తెలుస్తుంది. సెల్లు 4.2 నుంచి 3.8 వోల్టులకు దిగినా కరెంటు మారకపోతే అది నియంత్రణ ఉన్న డ్రైవరు. వోల్టేజీతో పాటు కరెంటూ జారిపోతుంటే సెల్లు నేరుగా ఎల్‌ఈడీకి తగిలించినట్టే. ఈ తేడా కింద 4.2లో అక్కరకొస్తుంది.

## 4. కరెంటు దారి

చిన్న టార్చిలో 3 ఆంపియర్లు పారడం మామూలే. దారిలో 50 మిల్లీ ఓంల అడ్డంకి ఉంటే 0.15 వోల్టులు అక్కడే పోతాయి. వినడానికి చిన్నదే, కానీ సెల్లు 3.5 వోల్టులకు దిగినప్పుడు ఎల్‌ఈడీకి 3.1 కావాలంటే, మిగిలిన 0.4లో మూడోవంతుకు పైగా ఒక్క స్ప్రింగే మింగేసినట్టు.

### 4.1 అంచులు, మరలు

తోక మూతకూ గొట్టానికీ కరెంటు కలిసేది సాధారణంగా గొట్టం కొన అంచు దగ్గర. మర వరసల్లో కాదు. ఆ అంచు మీద నల్లగా మసి పేరుకుంటే టార్చి మినుకుమినుకుమంటుంది. ఆల్కహాల్ తడిపిన దూదిపుల్లతో తుడవండి. తెల్ల గుడ్డకు నల్ల మరక అంటనంతవరకు తుడుస్తూనే ఉండాలి. అంచు మీదే రంగు పూత ఉంటే గాజుపలక మీద 1000 నంబరు కాగితం పరిచి, గొట్టాన్ని నిలువుగా పట్టుకుని నాలుగైదు సార్లు తిప్పండి.

మర వరసలకు రంగు పూత ఉంటే దాన్ని గీకేయకండి. ఆ పూత వల్లే మూత పావు చుట్టు వదులు చేసినప్పుడు కరెంటు ఆగి, సంచిలో టార్చి తనంతట తాను వెలగదు.

### 4.2 స్ప్రింగుకు అడ్డదారి

ఉక్కు స్ప్రింగు నొక్కుడు ఇవ్వడానికి మంచిది, కరెంటు మోయడానికి కాదు. ఆ మోత పక్కన వేసిన రాగి వైరుకు అప్పజెప్పాలి.

1. తోకలో రెండు రంధ్రాల రింగును పట్టకారుతో విప్పి స్విచ్చి బోర్డు బయటికి తీయండి.
2. స్ప్రింగును సెల్లు ఎంతవరకు నొక్కుతుందో చూడండి. వైరు పొడవు స్ప్రింగు పూర్తిగా సాగిన ఎత్తుకన్నా 3, 4 మి.మీ. ఎక్కువ ఉండాలి.
3. స్ప్రింగు పై చుట్టుకు ఫ్లక్సు రాసి, కొద్దిగా లెడ్డు పట్టించండి. వైరు కొన అక్కడ అతికించండి.
4. వైరును స్ప్రింగు మధ్యలోంచి కిందికి దింపి, రెండో కొనను స్ప్రింగు కూర్చున్న ప్యాడ్ (బోర్డు మీది లోహపు బిళ్ల) మీద అతికించండి.
5. వేలితో పది సార్లు నొక్కి వదలండి. వైరు చుట్టుల మధ్య ఇరుక్కోకూడదు, పక్కకు పొడుచుకుని గొట్టానికి తగలకూడదు.

డ్రైవరు వైపు స్ప్రింగుకూ ఇదే పని. అక్కడ ఐరన్‌ను మూడు సెకన్లకు మించి ఆనిస్తే ప్యాడ్ లేచిపోతుంది. స్ప్రింగు కొసన లెడ్డు గుట్టగా మిగిలితే సెల్లు సరిగా కూర్చోదు, దాన్ని ఆకురాయితో చదును చేయండి.

నియంత్రణ ఉన్న డ్రైవరైతే ఈ పని తర్వాత నిండు సెల్లుతో వెలుగు పెరగదు. పని చెడిందని అనుకోకండి. సెల్లు సగానికి దిగాక కూడా పూర్తి వెలుగు నిలబడటమే ఇక్కడ లాభం. నియంత్రణ లేని డ్రైవరైతే వెలుగు వెంటనే పెరుగుతుంది, దాంతోపాటు వేడీ పెరుగుతుంది. అలాంటి టార్చిలో అయిదో అంకం చేయకుండా దీనితో ఆపేయవద్దు.

### 4.3 ఎల్‌ఈడీ వైర్లు, స్విచ్చి

డ్రైవరు నుంచి ఎల్‌ఈడీకి వెళ్లే సన్నవైర్లు తీసి 22 గేజ్ వేయండి. ఒక్కోటి 30 నుంచి 40 మి.మీ. చాలు. మరీ పొడవైతే తల బిగించేటప్పుడు మెలిపడి రిఫ్లెక్టరు కింద నలుగుతాయి.

స్విచ్చి నొక్కినప్పుడు వెలుగు ఒక్కో సారి ఒక్కోలా వస్తుంటే లోపలి బిళ్లలు కాలిపోయినట్టు. బాగుచేయడం దండగ, అదే కొలత స్విచ్చి కొత్తది వేయండి. ఐరన్ ఎక్కువసేపు ఆనిస్తే స్విచ్చి ప్లాస్టిక్ కరిగి, నొక్కినది పైకి లేవదు.

## 5. వేడి దారి

ఎల్‌ఈడీకి ఇచ్చే విద్యుత్తులో సగానికి పైగా వేడిగానే మారుతుంది. ఆ వేడి ఎల్‌ఈడీ బోర్డు, దాని కిందున్న పిల్ అనే లోహపు గిన్నె, ఆ గిన్నె మరలు, తల, చివరికి మీ అరచెయ్యి అనే వరసలో బయటికి పోవాలి. ఎక్కడ గాలి సందు ఉంటే అక్కడ ఆగిపోతుంది.

లోపం కనిపెట్టే కిటుకు ఒకటుంది. 30 సెకన్లలో లక్స్ అంకె పదిహేను శాతం దాకా పడిపోయి, టార్చి తల మాత్రం చల్లగానే ఉంటే వేడి లోపలే చిక్కుకుంది. తల త్వరగా వెచ్చబడటం మంచి సూచన. "నా టార్చి అసలు వేడెక్కదు" అని మురిసిపోయేవాళ్లు ఒకసారి లక్స్ అంకె చూసుకోవాలి.

బోలు గిన్నె. చవక టార్చిల్లో పిల్ తరచు బోలుగా ఉంటుంది, ఎల్‌ఈడీ బోర్డు చుట్టూ ఉన్న సన్నటి అంచు మీద మాత్రమే ఆని ఉంటుంది. గిన్నె లోపలి వ్యాసానికి సరిపోయే 2 నుంచి 3 మి.మీ. మందం రాగి బిళ్ల కోయించి, గట్టిగా దిగేలా నొక్కించండి. లేతు పనివాడి దగ్గర ఇది చిన్న పని. వైర్లకు రెండు 2 మి.మీ. రంధ్రాలు అప్పుడే పెట్టించండి, వాటి అంచులు నున్నగా చేయించండి. లేకపోతే వైరు తొడుగు కోసుకుపోతుంది.

ముఖాలు చదును చేయడం. పాత పేస్టు ఆల్కహాల్‌తో తుడిచి, పిల్ పైముఖాన్ని, బోర్డు అడుగును గాజుపలక మీద పరిచిన 400 నంబరు కాగితంపై, తర్వాత 1000 నంబరుపై రుద్దండి. గీతలన్నీ ఒకే తీరుగా కనిపిస్తే చదునైనట్టు.

పేస్టు. పెసరగింజంత చాలు. బోర్డును పెట్టి, నొక్కి, కొంచెం అటూ ఇటూ తిప్పండి. పేస్టు పని సందులు పూడ్చడమే, లోహం కన్నా అది వేడిని బాగా మోయలేదు. మందంగా పూస్తే అదే దుప్పటి అవుతుంది. వెండి కలిపిన పేస్టులకు దూరంగా ఉండండి. ఎల్‌ఈడీ లెడ్డు అతుకుల దాకా పాకితే షార్టు కావచ్చు.

పిల్ మరలు. తలలోకి తిరిగే మరలకు కూడా పలచగా పేస్టు రాయండి. చాలా టార్చిల్లో డ్రైవరు నెగటివ్ ఈ మరల ద్వారానే గొట్టానికి చేరుతుంది, కాబట్టి పలచగానే. బిగించాక మీటరుతో పిల్‌కూ గొట్టానికీ కనెక్షన్ ఉందో లేదో చూసుకోండి.

## 6. డ్రైవరు: ఎంత కరెంటు చాలు

17 మి.మీ. గుండ్రటి డ్రైవర్లలో 7135 అని రాసి ఉండే మూడు కాళ్ల చిన్న చిప్పులు కనిపిస్తాయి. ఒక్కోటి 350 మిల్లీ ఆంపియర్లు ఇస్తుంది. ఎనిమిది ఉంటే 2.8 ఆంపియర్లు, నాలుగు ఉంటే 1.4.

ఇవి సెల్లు వోల్టేజీకీ ఎల్‌ఈడీ వోల్టేజీకీ ఉన్న తేడాను వేడిగా వదిలేస్తాయి. నిండు సెల్లుతో ఆ తేడా దాదాపు ఒక వోల్టు. 2.8 ఆంపియర్ల దగ్గర డ్రైవరు ఒక్కటే దాదాపు 2.8 వాట్లు కాచుకుంటుంది, ఎల్‌ఈడీ వేడి అదనం. జేబులో పట్టే టార్చి చేతిలో ఉండగా నిలకడగా వదిలించుకోగలిగేది ఇంచుమించు 4, 5 వాట్లు. అందుకే 25 మి.మీ. తల ఉన్న టార్చికి 1.4 నుంచి 2.1 ఆంపియర్లే సరైన లెక్క. కరెంటు సగం చేస్తే వెలుగు సగానికి పైనే మిగులుతుంది. కంటికి ఆ తేడా ఇంకా తక్కువ కనిపిస్తుంది.

కొత్త డ్రైవరు కొనక్కర్లేదు. ఎనిమిది చిప్పుల బోర్డు మీంచి రెండు తీసేస్తే 2.1, నాలుగు తీసేస్తే 1.4. చిప్పు పెద్ద కాలుకు ఎక్కువ లెడ్డు పెట్టి, వేడిచేసి, పక్కకు జరపండి.

మోడ్ల మధ్య నాలుగింతల తేడా ఉంటే కంటికి మార్పు స్పష్టంగా తెలుస్తుంది. 3,000 మిల్లీ ఆంపియర్-గంటల సెల్లుతో లెక్క ఇలా ఉంటుంది:

- ఎక్కువ: 1.4 ఆంపియర్లు, సుమారు 2 గంటలు
- మధ్య: 350 మిల్లీ ఆంపియర్లు, సుమారు ఎనిమిదిన్నర గంటలు
- తక్కువ: 85 మిల్లీ ఆంపియర్లు, సుమారు 35 గంటలు

మోడ్ల వరస తక్కువతో మొదలయ్యే డ్రైవరు ఎంచుకోండి. మిణుకుల మోడ్లు లేనిది దొరికితే ఇంకా మంచిది. రాత్రి మోటారు స్టార్టరు పెట్టె ముందు నిలబడి నాలుగు సార్లు నొక్కితే గానీ మామూలు వెలుగు రాని టార్చి ఎందుకు?

## 7. ఇప్పుడు ఎల్‌ఈడీ

పై పనులన్నీ అయ్యాక కూడా మార్చాలనిపిస్తే, వెలుగు పరిమాణం కోసం కాదు, రంగు కోసం మార్చండి. 6500 కెల్విన్ నీలి తెలుపు కింద మట్టి, ఎండుటాకు, ఎరుపు వైరు, గోధుమ వైరు అన్నీ ఒకే తీరుగా పాలిపోతాయి. 4000 నుంచి 5000 కెల్విన్, సీఆర్‌ఐ (రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో నూటికి చెప్పే అంకె) 90 ఉన్నది వేస్తే అవి విడివిడిగా తెలుస్తాయి. నిచియా 519ఏ, శాంసంగ్ ఎల్‌హెచ్351డీ ఈ కోవలోవే. రెండూ 3.5 మి.మీ. చదరం అడుగు ఉన్నవి. పాతది 5 మి.మీ. ఎల్‌ఈడీ అయితే బోర్డు కూడా మార్చాలి. అల్యూమినియం బోర్డుకు బదులు, ఎల్‌ఈడీ నడిమి ప్యాడ్ నేరుగా రాగికి అతుక్కునే రాగి బోర్డు తీసుకోండి.

1. మూడు వోల్టుల బిళ్ల సెల్లు ఆనించి కొత్త ఎల్‌ఈడీ ప్లస్, మైనస్ గుర్తించండి. దాని నుంచి ఎక్కువ కరెంటు రాదు కాబట్టి ఎల్‌ఈడీకి హాని లేదు.
2. బోర్డు ప్యాడ్ల మీద పలచగా 63/37 లెడ్డు పట్టించి ఫ్లక్సు రాయండి.
3. ఎల్‌ఈడీని పట్టకారుతో పెట్టండి. పసుపుగా కనిపించే మెత్తటి గుమ్మటాన్ని పట్టకారుతో గానీ వేలితో గానీ నొక్కవద్దు.
4. బోర్డును తలకిందులుగా నిలిపిన పాత ఇస్త్రీపెట్టె మీద పెట్టి, కాటన్ గుర్తు దాకా పెంచండి. లెడ్డు 183 డిగ్రీల దగ్గర కరుగుతుంది, ఎల్‌ఈడీ తనంతట తాను సర్దుకుని నడిమికి వస్తుంది.
5. పక్క అంచును సూదితో అతి తేలిగ్గా తట్టండి. అదనపు లెడ్డు పక్కకు వస్తుంది.
6. స్విచ్చి ఆపి, బోర్డును కదపకుండా చల్లారనివ్వండి.

ఆ ఇస్త్రీపెట్టెను మళ్లీ బట్టలకు వాడకండి. కిటికీ తీసి పనిచేయండి, అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోండి.

## 8. రిఫ్లెక్టరు, అద్దం

రిఫ్లెక్టరు లోపలి మెరుపును గుడ్డతో తుడవకండి. అది చాలా పలచని పూత, ఒక్క తుడుపుకే గీతలు పడతాయి. దుమ్ముంటే గాలి ఊదే బల్బుతో ఊదండి.

రిఫ్లెక్టరుకూ ఎల్‌ఈడీ అతుకులకూ మధ్య ప్లాస్టిక్ వాషరు తప్పనిసరి. అది లేకపోతే లోహపు రిఫ్లెక్టరు రెండు అతుకులనూ కలిపేస్తుంది.

గోడకు 3 మీటర్ల దూరంలో వెలిగించి చూడండి. నడిమిలో నల్లటి గుంట కనిపిస్తే ఎల్‌ఈడీ సరైన ఎత్తులో లేదు. తలను మెల్లగా వదులు చేయండి. గుంట మాయమైతే మందపాటి వాషరు కావాలి, ఇంకా పెద్దదైతే ఉన్న వాషరును అరగదీయాలి. అర మి.మీ. తేడా కూడా కనిపిస్తుంది.

మామూలు గాజు ఒక్కో ముఖం దగ్గర సుమారు 4 శాతం వెలుగు పోగొడుతుంది. ప్రతిఫలనం తగ్గించే పూత ఉన్న అద్దం వేస్తే అందులో చాలావరకు మిగులుతుంది. కంటికి అంత తేడా తెలియదు, గీతలుపడ్డ పాత అద్దాన్ని ఎలాగూ మార్చేటప్పుడు వేసుకోండి చాలు.

## 9. నీరు చొరకుండా

నల్ల ఓ-రింగు గాడిలో కూర్చున్నాక కొంచెం పైకి ఉబ్బి కనిపించాలి. గాడితో సమానంగా ఉంటే మార్చండి. మామూలు నైట్రైల్ రింగుకు సిలికాన్ గ్రీజు పలచగా రాయండి. సిలికాన్ రింగుకు అదే గ్రీజు రాస్తే ఉబ్బుతుంది. కొబ్బరినూనె వద్దు, కొన్నాళ్లకు జిగురుకట్టి దుమ్ము పట్టేస్తుంది.

పరీక్ష: సెల్లు తీసేసి, లోపల మడిచిన టిష్యూ కాగితం పెట్టి, అడుగు లోతు నీళ్లలో అరగంట ముంచండి. కాగితం ఎటు తడిస్తే అటువైపు రింగు చూడాలి.

## 10. సెల్లు

18650 కొలతలో నేడు మామూలుగా దొరికే మంచి సెల్లు సామర్థ్యం 3,500 మిల్లీ ఆంపియర్-గంటలకు అటూ ఇటూ. 9,900 అని రాసి ఉంటే అది అబద్ధం. తూకం వేయండి: అసలైనది 45 గ్రాములకు కొంచెం అటూ ఇటూ తూగుతుంది, 40 లోపు ఉంటే వదిలేయండి.

- మొదటిసారి చేసేవాళ్లు రక్షణ బోర్డు ఉన్న సెల్లు తీసుకోవాలి. అది 68 నుంచి 70 మి.మీ. పొడవు, గొట్టంలో పడుతుందో లేదో ముందే కొలవండి.
- సెల్లు గుల్ల అంతా నెగటివే. పాజిటివ్ కొన దగ్గర తొడుగు చిరిగితే షార్టుకు దారి. 29, 30 మి.మీ. వెడల్పు ష్రింక్ తొడుగు వేసి, కొనన కాగితపు రింగు పెట్టండి.
- సెల్లు మీద నేరుగా లెడ్డు పెట్టవద్దు.
- 2.5 వోల్టుల కిందికి దిగి చాలాకాలం పడివున్న సెల్లును మళ్లీ చార్జి చేయవద్దు.
- వాడకుండా దాచేటప్పుడు 3.6 నుంచి 3.8 వోల్టుల మధ్య ఉంచండి. ఎండలో నిలిపిన కారులో వదలకండి.

టీపీ4056 చార్జింగ్ బోర్డును టార్చి లోపల ఇరికించే పని చాలామంది చేస్తారు. మా సలహా వద్దనే. ఒక ఆంపియరు దగ్గర అది బాగా కాలుతుంది, రంధ్రం పెట్టిన చోట నీరు చొరుతుంది. బయటి చార్జరు మేలు.

## 11. బిగించాక పరీక్ష

- [ ] సెల్లు పెట్టకముందు: డ్రైవరు పాజిటివ్‌కూ పిల్‌కూ మధ్య షార్టు లేదు
- [ ] ఎల్‌ఈడీ రెండు అతుకుల్లో ఏదీ బోర్డు లోహానికి తగలడం లేదు
- [ ] తోక దగ్గర కరెంటు, మీరు లెక్కవేసినదానికి దగ్గరగా ఉంది
- [ ] 30 సెకన్లలో లక్స్ 5 శాతానికి మించి పడలేదు
- [ ] చేత్తో పట్టుకుని పది నిమిషాలు పూర్తి వెలుగులో ఉంచినా తల 50, 55 డిగ్రీలు దాటలేదు
- [ ] చేతికి తట్టినా వెలుగు అదరలేదు

ఇన్ఫ్రారెడ్ థర్మామీటరు మెరిసే లోహం మీద తప్పు అంకె చూపుతుంది. నల్ల టేపు ముక్క అంటించి దాని మీద కొలవండి.

## 12. ఏం జరిగితే ఎక్కడ వెతకాలి

అసలు వెలగడం లేదు. ఎల్‌ఈడీ వైర్లు తారుమారయ్యాయేమో చూడండి. తర్వాత పిల్‌కూ గొట్టానికీ కనెక్షన్. చదును కొన సెల్లు అయితే డ్రైవరు నడిమి ప్యాడ్‌కు అందకపోవచ్చు.

తల బిగిస్తేనే ఆరిపోతోంది. రిఫ్లెక్టరు అతుకులను కలుపుతోంది. వెంటనే సెల్లు తీసేయండి. వాషరు సరిచేసి, అతుకులపై కాప్టన్ టేపు వేయండి.

ఒక్క సారి నీలంగా వెలిగి ఆరిపోయింది. ఎల్‌ఈడీ నడిమి ప్యాడ్ అతుక్కోలేదు, వేడి బయటికి పోలేదు. ఎల్‌ఈడీ పోయినట్టే. కొత్తది వేసేముందు బోర్డు ప్యాడ్ మీద లెడ్డు నిండుగా పరుచుకుందో చూడండి.

తక్కువ మోడ్‌లో ఫోను కెమెరాలో చారలు కనిపిస్తున్నాయి. డ్రైవరు వెలుగును తెంపి తెంపి ఇస్తోంది. తిరిగే ఫ్యాను రెక్కలు ఆగినట్టు కనిపించకపోతే ఆ వేగం ఫరవాలేదు. కనిపిస్తే డ్రైవరు మార్చడమే దారి.

మూత విప్పి బిగిస్తే తప్ప మోడ్ నిలవడం లేదు. అంచు మసి, లేదా తోకలో రింగు వదులు. రింగును పట్టకారుతో బిగించి, 4.1లో చెప్పిన తుడుపు మళ్లీ చేయండి.